అవ్వ అడిగిన పాట స్మార్ట్ స్పీకర్‌కి దొరకడం లేదు, సాయం చేయండి

కావలి_మనవడు | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది కావలి, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఇంట్లో అమ్మ, అవ్వ ఉంటారు. అవ్వకి 79 ఏళ్లు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, అయినా ఫోన్‌లో అక్షరాలు ఆనవు. పైటాల అన్నం తిన్నాక మంచం మీద నడుం వాల్చి పాత పాటలు వినడం ఆమెకి అలవాటు. అందుకని సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఒక స్మార్ట్ స్పీకర్ కొనిచ్చాను. ఆమెకి ఇష్టమైన అరవై పాటలు ఏరి ఒక ప్లేలిస్టు చేసి, దానికి "అవ్వ పాటలు" అని పేరు పెట్టాను. "ప్లే అవ్వ పాటలు" అనమని నేర్పించి వచ్చాను.

మూడు నెలలు బాగానే పాడింది. రెండు వారాల నుంచి అవ్వ ఏ పాట అడిగినా "మీరడిగింది కనిపించలేదు" అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటోంది. ప్లేలిస్టు రాలేదని అవ్వ "ఘంటసాల పాటలు పెట్టు" అని కూడా అడిగి చూసింది. అదీ లేదంట. టైమెంత అంటే చెప్తుంది, వాన పడుతుందా అంటే చెప్తుంది. అమ్మ "ప్లే బాలు సాంగ్స్" అంటే బాలు పాటలు వస్తున్నాయి. అవ్వ అడిగితేనే రావడం లేదు.

స్పీకర్ స్విచ్ తీసి వేయించాను, రౌటర్ కూడా. ఏం మారలేదు.

అవ్వ అడగడమే మానేసింది. మొన్న ఫోన్ చేస్తే "పళ్లసెట్టు పెట్టుకున్నాక నా నోరు తిరగడం లేదులే నాయనా, దానికి నా మాట పట్టడం లేదు" అంది. ఆమె తప్పేదో ఉందని అనుకుంటోంది. అదే నాకు మనసులో పట్టుకుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గూడూరు_బుల్లోడు | రాత్రి 8:52

బ్రో, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించు. మా ఇంట్లో దానికే సెట్ అయింది. వెనక బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోమని చెప్పు.

ఒంగోలు_నెట్‌వాలా | రాత్రి 9:05

రీసెట్ అస్సలు వద్దు తమ్ముడూ. రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డ్ దగ్గర నుంచి అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. అక్కడున్నది అమ్మగారు, అవ్వగారు. నువ్వు బెంగళూరులో కూర్చుని ఫోన్‌లో చెప్తూ అదంతా చేయించలేవు. ఇప్పుడు టైమన్నా చెప్తోంది, అప్పుడు అది కూడా ఉండదు.

నేను ఇళ్లకి నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో ఉన్నా, ఇలాంటివి వారానికి ఒకటన్నా చూస్తా. వాన సంగతి చెప్తోందంటే నెట్ బాగానే ఉంది, రౌటర్ జోలికి పోవద్దు. బాలు పాటలు వస్తున్నాయంటే స్పీకర్ కూడా బాగానే ఉంది. మిగిలినవి రెండే. ఒకటి, అది అవ్వగారి మాటని తప్పుగా వింటోంది. రెండు, సరిగ్గానే విని వేరే చోట వెతుకుతోంది.

ముందు మూడు విషయాలు చెప్పు. పాటలు ఏ సర్వీసు నుంచి వస్తున్నాయి? దానికి డబ్బు కడుతున్నారా, ఫ్రీ ట్రయలా? స్పీకర్ యాప్ నీ ఫోన్‌లో ఉందా, అమ్మగారి ఫోన్‌లోనా?

కావలి_మనవడు | రాత్రి 9:21

యాప్ నా ఫోన్‌లోనే ఉందన్నా, అమ్మ అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నా. పాటల సర్వీసు కూడా అమ్మ మెయిల్ ఐడీతోనే తెరిచాను. మూడు నెలల ఫ్రీ ట్రయల్ వస్తే పెట్టాను.

రాస్తూ ఉంటేనే వెలిగింది. సంక్రాంతికి పెట్టాను, ఏప్రిల్ మధ్యకి మూడు నెలలు. ఇప్పుడే అమ్మ మెయిల్ తెరిచి చూశాను. ట్రయల్ అయిపోయిందని రెండు మెయిళ్లు వచ్చి ఉన్నాయి. ఆ మెయిల్ మా ఇంట్లో ఎవరూ చూడరు.

ఒంగోలు_నెట్‌వాలా | రాత్రి 9:30

సగం తేలిపోయింది. ట్రయల్ ఉన్నన్నాళ్లూ అడిగిన పాట, అడిగిన ప్లేలిస్టు పెడతారు. అయిపోయాక చాలా సర్వీసుల్లో ఫ్రీగా వినేవాళ్లకి స్పీకర్‌లో ఫలానా పాటే కావాలంటే ఇవ్వరు, ఆ రకం పాటలేవో కలిపి వినిపిస్తారు. అమ్మగారు బాలు పాటలంటే "ఏవో" బాలు పాటలు రావడం అందుకే అయ్యుండొచ్చు.

ఇంకో పని చెయ్. యాప్‌లో మ్యూజిక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సర్వీసు ఏదుందో చూడు. ఫలానా సర్వీసులో పెట్టు అని పేరు చెప్పకపోతే స్పీకర్ ఆ డిఫాల్ట్‌లోనే వెతుకుతుంది. నీ ప్లేలిస్టు ఒక సర్వీసులో ఉండి డిఫాల్ట్ ఇంకొకటి ఉంటే జన్మకి దొరకదు. ఎదురింట్లో పెట్టిన వస్తువుని మనింట్లో వెతికినట్టే.

చీమకుర్తి_గ్రానైట్ | రాత్రి 9:44

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మాకు పాట దొరుకుతుంది, సగంలో ఆగిపోతుంది. సాయంత్రం పూటే అలా అవుతోంది. ఇదీ అలాంటిదేనా?

ఒంగోలు_నెట్‌వాలా | రాత్రి 9:50

గ్రానైట్ అన్నా, మీ ఇంట్లో ఇంకెవరైనా అదే అకౌంట్‌తో ఫోన్‌లో పాటలు వింటున్నారా? ఒక్కరి ప్లాన్ అయితే ఒకసారికి ఒక్కచోటే పాడుతుంది. రెండోచోట మొదలుపెట్టగానే మొదటిది ఆగిపోతుంది.

చీమకుర్తి_గ్రానైట్ | రాత్రి 10:02

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మెట్రోలో వింటుంది! ఫోన్ చేసి అడిగాను, అదే అకౌంటంట. ఫ్యామిలీ ప్లాన్‌కి మారుస్తాం. చాలా థ్యాంక్స్ తమ్ముడూ, నాలుగు నెలల తలనొప్పి తీరింది.

కనిగిరి_టీచర్ | రాత్రి 10:15

బాబూ, సర్వీసు సంగతి సరే. అవ్వగారి మాట అది ఎలా వింటోందో కూడా చూడాలి. డబ్బు కట్టినా "ఘంటసాల పాటలు" రాకపోతే ఆమె బాధ అలాగే ఉంటుంది కదా.

స్పీకర్‌లో భాష ఏది పెట్టారు? మా దాంట్లో ఇంగ్లీషు, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి మనం ఏది మాట్లాడినా అది ఇంగ్లీషు చెవితో వింటుంది. విన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ఆ రాతని పాటల జాబితాలో వెతుకుతుంది. ఆ జాబితాలో మన పాటల పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, తలా ఒక రకంగా ఎక్కించారు. ఘంటసాల అన్న పేరే చూడండి. ఒకచోట "జి" పక్కన "హెచ్" ఉంటుంది, ఇంకోచోట ఉండదు. పైగా మన పెద్దవాళ్లు చాలామంది "గంటసాల" అనే అంటారు, మా నాన్నగారూ అంతే. వాళ్ల ఉచ్చారణలో తప్పేం లేదు. మన మాటని ఇంగ్లీషులోకి దించేటప్పుడు గురి తప్పుతోంది.

సినిమా పేరుతో అడిగితే ఇంకో చిక్కు ఉంది. మా ఇంట్లో "దేవదాసు పాటలు" అంటే 2006లో వచ్చిన సినిమా పాటలు మొదలయ్యాయి. మా ఆవిడ అడిగింది 1953 నాటి నాగేశ్వరరావు సినిమా. ఆ పేరుతో హిందీలోనూ సినిమాలున్నాయి. పేరు వెనక గాయకుడి పేరు కలిపి అడిగితే చాలావరకు సరైనది వస్తోంది.

యాప్‌లో యాక్టివిటీ అనో హిస్టరీ అనో ఉంటుంది. అవ్వగారు అడిగినప్పుడల్లా అది ఏం విన్నదో అక్కడ అక్షరాల్లో కనిపిస్తుంది, రికార్డింగ్ దాచుకునే సెట్టింగ్ ఉంటే గొంతు కూడా వినొచ్చు. అది చూడకుండా ఎన్ని మార్చినా చీకట్లో తడుముకోవడమే. ఒక్క మాట, వినే ముందు అవ్వగారిని అడగండి. అది ఆమె గొంతు.

కావలి_మనవడు | రాత్రి 11:36

సార్, అవ్వని అడిగి విన్నాను. "విను నాయనా, దాంట్లో దాచేదేముంది" అంది.

రెండు వారాల్లో ముప్ఫై ఒక్కసార్లు అడిగింది. మొదటి నాలుగు రోజుల్లోనే ఇరవై పైన ఉన్నాయి, తర్వాత రోజుకి ఒకటి, ఆ తర్వాత ఏమీ లేవు. అది విన్నవి ఇలా ఉన్నాయి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో రాస్తున్నా:

ప్లే అవ్వ పాటలు
ప్లే అవ్వ పాటలు
ప్లే ఓవర్ పటేలు
గన్ టు సాల పాట్ పెట్
కంట శాలా పార్టీ పెట్టు
ప్లే

ఆ చివరిది చాలాసార్లు ఉంది, ఒట్టి "ప్లే" అని మాత్రమే. గొంతు వింటే అర్థమైంది. అవ్వ "ప్లే..." అని కాసేపు ఆగి, ఏ పాటా అని గుర్తుచేసుకుంటోంది. ఆమె నోరు తెరిచేలోపు అది వినడం ఆపేసింది. ఒక దాంట్లో "ఒక్క పాట పెట్టవా నాయనా, ఒక్కటి" అని బతిమాలింది. అది "సారీ" అంది.

మొదటి రెండూ సరిగ్గానే విన్నది. అంటే నెట్‌వాలా అన్న చెప్పిందే, వెతికిన చోటు తప్పు. డిఫాల్ట్ చూశాను, నేను పెట్టిన సర్వీసు కాదు, స్పీకర్ కంపెనీ వాళ్ల సొంత సర్వీసు ఉంది. అది ఎప్పుడు మారిందో తెలియలేదు. రేపు ప్లాన్ కట్టి డిఫాల్ట్ మారుస్తాను.

పొదిలి_కోడలు | ఆదివారం, ఉదయం 6:10

రాత్రే చదివాను, నిద్రపట్టలేదు. మా అత్తయ్యతో ఇదంతా నేను పడ్డాను తమ్ముడూ. నా పద్ధతి చెప్తా, చూడు.

మేము మొదట చేసిన పొరపాటు ఏంటంటే, స్పీకర్‌కి పలికే మాట అత్తయ్యకి నేర్పించబోయాం. "ప్లే" అనండి, ఆ తర్వాత ఆగకండి, "సాంగ్స్" అనండి అని రోజూ క్లాసు చెప్పేవాళ్లం. ఆవిడకి విసుగొచ్చేసింది. అప్పుడు తిరగేశాను. ఆవిడ నోట సహజంగా ఏ మాట వస్తుందో వారం రోజులు వింటూ, డైరీలో రాసుకున్నాను. "పాటలెయ్యి", "ఆ ముసలోళ్ల పాటలు", "గుళ్లో పాటలు", "పొద్దున్నవి". ఇవీ ఆవిడ మాటలు.

తర్వాత యాప్‌లో రొటీన్ అని ఉంటుంది. "ఈ మాట వింటే ఈ పని చెయ్" అని మనమే రాసి పెట్టుకోవచ్చు. ఆవిడ మాటని మనం స్పెల్లింగ్ చేసి రాస్తే పట్టడం లేదు. అందుకని హిస్టరీలో అది తప్పుగా విన్నది ఎలా ఉందో అలాగే, ఆ తప్పు మాటనే, రొటీన్‌లో పెట్టాను. "పాటలెయ్యి" అంటే మా దానికి "పాటల్ ఏ" అని వినిపిస్తోంది. నేను "పాటల్ ఏ" అనే రాశాను. ఇప్పుడు ఆవిడ ఎలా అన్నా పలుకుతుంది. మా దాంట్లో ఒక రొటీన్‌కి మూడు నాలుగు మాటలు పెట్టుకోనిస్తోంది, నువ్వు ఆ "గన్ టు సాల", "కంట శాలా" రెండూ పెట్టెయ్. ముక్క కాదు, హిస్టరీలో ఉన్న వాక్యం మొత్తం ఉన్నదున్నట్టు రాయి.

రొటీన్‌లో ఏ పాట, ఏ సర్వీసు అన్నది కూడా మనమే చెప్తాం కాబట్టి అది వెతుక్కునే పని ఉండదు.

పెద్దవాళ్లు మాట మధ్యలో ఆగుతారు కదా, దానికోసం మాట పూర్తయ్యేదాకా ఇంకాస్త ఎక్కువసేపు వినే సెట్టింగ్ కొన్నింటిలో ఉంది. మీ దాంట్లో ఉందేమో చూడు.

అన్నట్టు అవ్వ తింటోందా సరిగ్గా? పళ్లసెట్టు కొత్తలో మా అత్తయ్యకి చాలా ఇబ్బంది అయింది.

సింగరాయకొండ_మైక్‌సెట్ | ఉదయం 7:25

నేను ముప్ఫై ఏళ్ల నుంచి పెళ్లిళ్లకీ తిరనాళ్లకీ మైక్‌సెట్ కడుతున్నా. టేపుల నుంచి పెన్‌డ్రైవ్ దాకా అన్నీ చూశా. పాత పాటల గురించి ఒక సంగతి చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒకే పాట నాలుగైదు చోట్ల ఉంటుంది. ఒకటి అసలు సినిమా ఆల్బమ్‌లో, ఒకటి "హిట్స్" అని కట్టిన ఆల్బమ్‌లో, ఇంకొకటి వేరేవాళ్లు మళ్లీ పాడింది. గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఒక్కోసారి సంగీత దర్శకుడి పేరు ఉంటుంది. అందుకే నోటితో అడిగినప్పుడు రోజుకొకటి వస్తుంది. బాబు ప్లేలిస్టు చేశాడు కదా, అదే మంచి పద్ధతి. ఒకసారి కూర్చుని అసలు గొంతేనా కాదా అని చెవితో విని ఏరి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. పాత తరానికి వేరే గొంతు వినిపిస్తే వెంటనే తెలిసిపోతుంది, మొహం మాడ్చుకుంటారు.

కీర్తనలకి ఇంకా కష్టం. త్యాగయ్య కృతి ఒక్కటి తీసుకుంటే ఎంతమంది పాడారో లెక్కే లేదు. గాయకుడి పేరు లేకుండా అడిగితే అది ఎవరిదో ఒకరిది పెడుతుంది. ఆయన పూర్వీకులు మన కంభం దగ్గరి కాకర్ల వాళ్లే, ఇంటిపేరు కూడా కాకర్లే. మన వైపు మూలాలున్న ఆయన కృతి మన ఇళ్లలో అడిగితే దొరక్కపోవడం మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇంకొకటి. స్పీకర్ ఎక్కడ పెట్టారు? మైకు పెట్టే చోటు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైనదైనా పలకదు. టీవీ పక్కన, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టే చోట, గోడ మూల పెట్టకూడదు. వీలైతే ఒక ఫొటో పెట్టండి.

కావలి_మనవడు | ఉదయం 9:02

అమ్మ చేత ఫొటో తీయించాను. ఇక్కడ పెట్టడం ఎందుకులెండి, చూసింది చెప్తాను. స్పీకర్ ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద తెల్లటి అల్లిక గుడ్డ కప్పి ఉంది, అంచులకి ఎర్ర పూసలు కుట్టినది. దుమ్ము పడుతుందని అమ్మే కప్పిందంట. ఎప్పటి నుంచి అంటే "ఉగాదికి ఇల్లు దులిపినప్పటి నుంచి" అంది. గుడ్డ రెండు మడతలు వేసి ఉంది.

సింగరాయకొండ_మైక్‌సెట్ | ఉదయం 9:10

అదే! మైకులు దాని నెత్తి మీదే ఉంటాయి, చిన్న చిన్న చిల్లులు. వాటి మీద రెండు మడతల గుడ్డ వేస్తే అవ్వ గొంతు ఏం చేరుతుంది? అమ్మగారిది కాస్త గట్టి గొంతు అయ్యుంటుంది, కాబట్టి చేరింది. కింద ఫ్రిజ్ మోటారు ఝుమ్ అంటూ ఉంటుంది, అది కూడా మైకులో పడుతుంది. అక్కడి నుంచి తీసి అవ్వ మంచం పక్కన స్టూలు మీద, గోడకి జానెడు దూరంగా పెట్టించండి. అమ్మగారిని ఏమీ అనకండి, వస్తువుని జాగ్రత్తగా చూసుకోవాలని చేసింది. దుమ్ము గురించి దిగులైతే రెండ్రోజులకోసారి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

గూడూరు_బుల్లోడు | ఉదయం 9:31

బ్రో సారీ, రీసెట్ అని తొందరపడి చెప్పాను. ఇదంతా నాకు తెలియదు. మా నాయనమ్మకి కూడా ఇలా రొటీన్ పెడతాను.

పెన్నాగట్టు | ఉదయం 10:20

బాలు పాటలు ఎందుకు వస్తున్నాయో నాకు తోచింది చెప్తాను. బాలు గారి పాటలు లెక్కకు మించి ఉన్నాయి, పైగా చాలా భాషల్లో ఉన్నాయి. ఏ పేరు చెప్పినా ఏదో ఒకటి తగులుతుంది. నెల్లూరులో తిప్పరాజువారి వీధిలోని ఆయన ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. నేను ఆ వీధి మీదుగానే రోజూ వెళ్తాను. ఆ దారిలో పోతున్నప్పుడు ఎవరింట్లోనో ఆయన పాట వినబడితే నాలుగడుగులు మెల్లగా వేస్తాను. మీ అవ్వగారి పాటలు మళ్లీ రావాలని కోరుకుంటున్నా బాబూ.

కావలి_మనవడు | సోమవారం, రాత్రి 9:15

అందరికీ చెప్పాలి. నిన్న ప్లాన్ కట్టాను, డిఫాల్ట్ మార్చాను. స్పీకర్ అవ్వ మంచం పక్కకి వచ్చింది. మాట పూర్తయ్యేదాకా ఎక్కువసేపు వినే సెట్టింగ్ దొరికింది, ఆన్ చేశాను. పొదిలి అక్క చెప్పినట్టు రొటీన్ చేసి, హిస్టరీలో ఉన్న తప్పు మాటలు రెండూ అలాగే పెట్టాను.

ఈ రోజు పైటాల అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి అవ్వ పక్కన ఉంచింది. అవ్వ అడగనంది. "ఎందుకులే, మళ్లీ లేదంటది" అంది. నేను అప్పుడు చెప్పాను: "అవ్వా, తప్పు నీది కాదు. నేను డబ్బు కట్టడం మర్చిపోయాను, అందుకే రాలేదు." కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత స్పీకర్‌ని పేరు పెట్టి పిలిచి, "గంటసాల పాటలు పెట్టు" అంది. "గంటసాల" అనే అంది. రెండు సెకన్లు. తంబురా వినిపించింది.

అవ్వ ఏమీ అనలేదు. ఫోన్‌లో పాట వినిపిస్తూనే ఉంది. రెండో పాట మొదలయ్యాక అమ్మ ఫోన్ తీసుకుని "నిద్రపోయిందిరా" అంది.

సాయంత్రం మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. లేచాక అవ్వ "ఆపు, ఆపు" అన్నా అది ఆగలేదంట. అది ఇంకాసేపు పాడాక అమ్మ స్విచ్ తీసేసింది.

పొదిలి_కోడలు | రాత్రి 9:28

ఎంత మంచి మాట చెప్పావు తమ్ముడూ. అవ్వకి నా నమస్కారం చెప్పు.

"స్టాప్" అంటే ఆగుతుంది, "ఆపు" అర్థం కాదు. హిస్టరీలో ఆ "ఆపు" ఎలా పడిందో చూడు, మా దాంట్లో "అప్" అని ఉంది. అది చూసి ఇంకో రొటీన్ పెట్టు, పనిలో పాట ఆపడం ఎంచుకో. పాట గట్టిగా వస్తుంటే అవ్వ మాట వినబడదు, వాల్యూమ్ సగానికి దించి పెట్టు. స్విచ్ మాత్రం తీయొద్దని అమ్మకి చెప్పు, మళ్లీ వేశాక వైఫై పట్టేదాకా అవ్వ అడిగితే పలకదు.

కావలి_మనవడు | రాత్రి 9:41

చూశానక్కా. మా దాంట్లో "అప్పు" అని ఉంది. పెడుతున్నా.